మేకలామె ప్రార్థన

మా వీధి చివర మేకలు కాసుకునే మా చర్చి విశ్వాసి ఒకామె ఉండేది. మా అమ్మ మంచం పట్టినప్పుడు రోజూ మేకలను దొడ్లోకి తోలి మా ఇంటికి వచ్చేది. చెయ్యి కొంగుకు తుడుచుకుని అమ్మ తలమీద పెట్టి, "నాయనా, నీ బిడ్డను లేపు" అనేది. అంతకుమించి ప్రార్థన రాదామెకు. అమ్మ లేచి నడిచింది.

మడకశిర సభలో మా పాస్టరు అమ్మను వేదికెక్కించి, "నా ప్రార్థనతో లేచింది" అన్నాడు. ఆయన మా గడప తొక్కిందే లేదు. అయినా అమ్మ తల ఊపింది.

వెనక కూర్చున్న మేకలామెను అడిగాను: "ఏమక్కా, నీకు బాధ కాలేదా?"

"ఎందుక్కాదప్పా? మీయమ్మ కూడా తలూపె గదా. అయినా లేపింది నేనూ కాదు, ఆయప్పా కాదు. దేవుడు."

కళ్లొత్తుకుని లేచింది. మెట్లు దిగలేక తడబడుతున్న అమ్మకు ఎదురెళ్లి భుజమిచ్చింది. అమ్మ తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయింది.