పెన్సిల్‌తో రాసిన రాష్ట్రం

తెలంగాణ వస్తుందో రాదో ఎవరికీ తెలియని రోజులవి. బర్ దుబాయ్‌లో పాస్‌పోర్టు రెన్యువల్ కోసం కూర్చుంటే, పక్కనున్న కరీంనగర్ మేస్త్రీ తన ఫారం నాచేత నింపించుకున్నాడు. రాష్ట్రం పేరు రాసే గడి దగ్గర నా చెయ్యి పట్టి ఆపాడు.

“అది పెన్సిల్‌తోని రాయి తమ్మీ.”

“రబ్బరు కూడా తెచ్చావా అన్నా?” అన్నాను. గుంటూరువాణ్ణి, ఊరుకోలేను.

అతను నవ్వలేదు. “రెండేండ్లకొక్క లీవు. అవ్వ కంటి ఆపరేషన్‌కు పోదామని దాసుకున్న. గీ ఉప ఎన్నికే రెఫరెండమంటే ఆ లీవు ముందే వాడుకుని పోయి ఓటేసొచ్చిన. గెలిపిచ్చినం. గిప్పుడు మల్ల కమిటీ అంటున్నరు. లీవడిగితే మా ముదీర్, గదే మేనేజరు, బుక్రా అంటడు, రాష్ట్రమడిగితే ఢిల్లీ బుక్రా అంటది. ఆ బుక్రా, ఆ రేపు, ఎన్నడొస్తది?”

అతనిచ్చిన పెన్సిల్‌తోనే ఆంధ్రప్రదేశ్ అని రాశాను.

పెన్సిల్ చెల్లదని కౌంటర్లో ఫారం తిప్పి ఇచ్చేశారు. అతను నా పెన్ను లాక్కుని నా అక్షరాల మీదే దిద్దాడు. కాగితం చిరిగిపోయింది.

కొత్త ఫారం నేనే పెన్నుతో నింపాను. ఆ గడి వచ్చినప్పుడు అతను మొహం తిప్పుకున్నాడు.

అతను ఒత్తి దిద్దినప్పుడు నా పెన్ను మొన కాస్త వంగిపోయింది. కొత్తది కొనుక్కోరా అని రూమ్మేట్లు అన్నప్పుడల్లా బుక్రా అంటున్నాను.