ఇదా-అదా డాక్టరుగారి సంఘప్రవేశం

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని వాడే అవసరం మాత్రం ఎవరికీ రాలేదు. చెప్పుల దుకాణం పైన మేడగదిలో కళ్ళు పరీక్షించే ఆయన్ని అందరూ ఇదా-అదా డాక్టరనే అంటారు. కుర్చీలో కూర్చున్నవాడి ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము తగిలించి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా? తొందరేం లేదు, మళ్ళీ చూడండి. ఇదా? అదా?" అని పొద్దస్తమానం అడిగే మనిషిని ఇంకేమంటారు? ఆ జబ్బు క్లినిక్కులోనే ఆగినా బాగుండేది. ఇంటికొచ్చి కూడా రెండు చొక్కాలు పట్టుకుని భార్య ముందు నిలబడి "ఇదా, అదా?" అనేవాడు. "రెండూ నీలంవేగా, ఏదైనా ఒకటే" అని ఆవిడంటే, "అలా తొందరపడకూడదు, మళ్ళీ చూడు" అనేవాడు.

అలాంటి మనిషి ఎవర్నీ అడక్కుండా తేల్చుకున్న విషయం జీవితంలో ఒక్కటే ఉంది. చచ్చేలోగా నేత్ర నిపుణుల సంఘంలో మెంబరు కావాలి.

ఆ సంఘం ఏం చేస్తుందని అడిగితే మెంబర్లే కాస్త తడబడతారు. ఏడాదికోసారి పెద్ద హాలు అద్దెకు తీసుకుని ఒకరినొకరు పొగుడుకుంటారు. పొగడ్తలయ్యాక భోజనం, భోజనమయ్యాక ఆ భోజనం మీద విమర్శ. మధ్యలో ఎక్కడో కళ్ళ గురించి కూడా ఒక ఉపన్యాసం ఉంటుంది. మెంబరైనవాడు కోటుకి ఇత్తడి కన్ను తగిలించుకోవచ్చు. బొత్తాం కంటే కొంచెం పెద్దది. ఎదురు వీధి స్పెషలిస్టు దాన్ని నిద్రలో కూడా తియ్యడని వాళ్ళ పనావిడ అందరికీ చెప్పింది. మెంబర్లు కానివాళ్ళు కూడా ఉపన్యాసం వినొచ్చు, కాకపోతే వెనక గోడకు ఆనుకుని నిలబడి వినాలి. మన డాక్టరు అలా విని విని, ఉన్న ఒక్క కోటు వీపంతా సున్నం చేసుకున్నాడు.

ఆ సంఘానికి సెక్రటరీ స్వయానా ఆయన బావమరిదే. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా. బావగారు చేరతానన్నప్పుడల్లా సెక్రటరీగారికి నియమాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేవి. ఒకసారైతే సంఘం రెండుగా చీలి ఉంది. "ఏ ముక్కలో చేరతారో మీరే చెప్పండి బావగారూ" అన్నాడు పెద్దమనసు చేసుకుని. ఇదా, అదా అని మన డాక్టరు ఆలోచించి తేల్చుకునేలోగా ఆ రెండు ముక్కలూ రాజీపడి కలిసిపోయాయి.

చివరికి ఆ పని చేసిపెట్టింది భార్యే. తమ్ముణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "ఈసారి కూడా మీ బావని గోడకు నిలబెట్టావంటే నా గడప తొక్కకు" అంది. నియమాలన్నీ ఆ కాఫీ చల్లారేలోగా కరిగిపోయాయి. ఒక్కటి మాత్రం మిగిలింది.

"అది నా చేతిలో లేదక్కా. వ్యవస్థాపకుల మాట. చూపు లేనివాడు ఒకరికి చూపేం ఇస్తాడన్నారు ఆయన. కొత్త మెంబరెవరైనా సరే, వేదికెక్కి ఒక్కో కన్నూ మూసుకుని, ఎదురు గోడ మీది అక్షరాల చార్టు చివరి వరుస దాకా అందరి ముందూ చదవాలి. తడబడితే దిగిపోవడమే."

పూర్వం ఒక పెద్దాయన అలాగే తడబడి దిగిపోయాడట. ఆ తర్వాత ఆయన దగ్గర కళ్ళు చూపించుకునే ధైర్యం ఎవరికీ లేక, ఇప్పుడు గడియారాలు బాగుచేసుకుంటున్నాడట. ఈ కథ సెక్రటరీగారు బావగారికి రెండుసార్లు చెప్పాడు, సరిగ్గా వినపడిందో లేదోనని.

ఆ రోజు నుంచి మన డాక్టరు రోజూ పొద్దున్నే క్లినిక్కు తలుపు తీయగానే, దుమ్మైనా దులపకుండా, కుర్చీ వెనక నిలబడి కుడికన్ను మూసుకుని ఒకసారి, ఎడమకన్ను మూసుకుని ఒకసారి చార్టంతా చదివేవాడు. గడగడా చదివేవాడు. నిజంగా కనిపించే చదివేవాడు, అందులో మోసమేమీ లేదు. మెంబరు కాకముందే కొత్త కోటు కుట్టించి, దానికి ఇత్తడి కన్ను పెట్టే చోట చిల్లు కూడా పొడిపించాడు. ఆలు లేదు, చూలు లేదన్న సామెత ఆయనకు తెలియక కాదు.

భార్యకు మాత్రం ఆ చదువు మీద నమ్మకం తగ్గుతూ వచ్చింది. చార్టు చివరి వరుస చదివిన మనిషే, గదిలోంచి బయటికొస్తూ ఎడమ భుజాన్ని తలుపు రెక్కకు కొట్టుకునేవాడు. ఎడమ పక్క పెట్టిన మంచినీళ్ళ గ్లాసు మోచేత్తో తోసేసి, "ఇక్కడెవరు పెట్టారు?" అని కేకలేసేవాడు. ఆవిడ ఆ పక్క నిలబడి పిలిస్తే ఉలిక్కిపడేవాడు.

"ఎప్పుడొచ్చావు?"

"ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నా. ఏమండీ, మీ ఎడమ కంటికి ఏదో అవుతోంది. ఎవరికైనా ఒకసారి చూపించుకోరాదూ?"

"ఎవరికి చూపించుకోమంటావు? ఈ ఊళ్ళో కంటి డాక్టరన్న ప్రతివాడూ ఆ సంఘం మెంబరే. నా కంట్లో చుక్క పడేలోగా కబురు మీ తమ్ముడికి చేరుతుంది. ఇన్నేళ్ళూ గోడకు నిలబడింది గడియారాలు బాగుచేసుకోవడానికా? అయినా నా కంటికేం? రా, చూపిస్తాను."

ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని చార్టు ముందుకు లాక్కెళ్ళి, కుడికన్ను మూసి, చివరి వరుస ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆ తర్వాత ఆవిడ వీధిలో నడిచేటప్పుడు ఎప్పుడూ ఆయన ఎడమ పక్కనే నడవడం మొదలుపెట్టింది. ఆ పక్క నీడ ఎక్కువని కాబోలనుకున్నాడు డాక్టరు. సాయంకాలం అటు నుంచి ఎండ కొడుతుంటే కూడా అలాగే అనుకున్నాడు.

సభ రోజు వచ్చింది. వీపు శుభ్రంగా ఉన్న కొత్త కోటు వేసుకుని మన డాక్టరు జీవితంలో మొదటిసారి ముందు వరుసలో కూర్చున్నాడు. వెనక కుర్చీలో భార్య. ఆయనకు ఎడమ పక్కన సాక్షాత్తూ సంఘం ప్రెసిడెంటుగారే కూర్చున్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి వచ్చే నీటికాసుల జబ్బులో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరు ఆయన స్వయంగా తెచ్చుకున్నదే, సభలో ప్రతి ఏడూ ఆయనే చెబుతారు. టీ వచ్చింది. ప్రెసిడెంటుగారి కప్పు ఇద్దరి మధ్యా ఉన్న చిన్న బల్ల మీద పెట్టారు. మన డాక్టరు కోటు సర్దుకున్నాడు. కప్పు ఎగిరి ప్రెసిడెంటుగారి ఒళ్ళో పడింది.

"అయ్యో! చూసుకోలేదండీ, క్షమించాలి."

"పర్లేదు, పర్లేదు" అన్నారు ప్రెసిడెంటుగారు, ఏమాత్రం పర్లేదనిపించని గొంతుతో. హాలంతా నవ్వింది. కళ్ళు పరీక్షించడం తప్ప ఇంకో పని తెలియని అంతమంది కళ్ళెదుటే జరిగింది అదంతా.

ఆ తడి ప్యాంటుతోనే ఆయన ఉపన్యాసానికి లేచారు. "మిత్రులారా! ఈ నీటికాసులు పచ్చి దొంగ. మధ్యచూపు ముట్టుకోదు, పక్కచూపు మాత్రం చడీచప్పుడు లేకుండా దోచుకుపోతుంది. రోగి మీ చార్టు చివరి అక్షరం దాకా చదివేస్తాడు. కానీ తలుపులకు గుద్దుకుంటాడు, పక్కనున్న కప్పులు తన్నేస్తాడు. పోయిన చూపు మనం తెచ్చివ్వలేం, ఉన్నదాన్నే కాపాడగలం. అందుకే మనం కళ్ళు తెరుచుకుని ఉండాలి!"

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది మన డాక్టరే. ఈ సంగతంతా రోగులకు వాళ్ళ కళ్ళ పక్కన వేళ్ళు ఆడించి మరీ వివరించి చెప్పేవాడు ఆయన. చప్పట్లు కొట్టనిది వెనక కుర్చీలో ఉన్న ఆవిడ ఒక్కతే.

తర్వాత సెక్రటరీగారు పిలిచాడు. మన డాక్టరు వేదికెక్కి కుడికన్ను మూసి చదివాడు, ఎడమకన్ను మూసి చదివాడు. చివరి వరుస దగ్గర ఊపిరి బిగబట్టిన బావమరిది కూడా తేలికపడ్డాడు. ప్రెసిడెంటుగారు ఇత్తడి కన్ను ముందే పొడిచిన చిల్లులో గుచ్చారు. హాలు లేచి నిలబడింది. ఫొటోగ్రాఫరు సిద్ధమయ్యాడు. ఇన్నేళ్ళ గోడ బతుకు తీరిపోయిందని డాక్టరుకు కళ్ళు చెమర్చాయి. అలాగే ఎదురుగా చూస్తూ, నవ్వుతూ నిలబడ్డాడు.

కాసేపటికి చప్పట్లు పలచబడ్డాయి. ముందు వరుసలో ఎవరో, "మెంబరై నిమిషం కాలేదు, అప్పుడే ఎంత పొగరో!" అన్నారు. ఆయనకు అర్థం కాలేదు.

"ఏమండీ" అంది కింద నుంచి భార్య. "ఎడమ పక్క."

తల తిప్పాడు. ప్రెసిడెంటుగారి చెయ్యి గాల్లో వేలాడుతోంది. ఎప్పట్నుంచి చాపి ఉన్నారో పాపం. తల తిప్పకముందు అక్కడ చెయ్యి లేదు. అసలు ప్రెసిడెంటే లేడు.

తలుపు రెక్క, గ్లాసు, టీ కప్పు అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఇన్నాళ్ళూ వేళ్ళు ఆడించి ఊరందరికీ చెప్పిన జబ్బు తనకే చుట్టుకుందని ఆయనకు తెలిసింది. చేతిని పట్టుకుని ఊపేసి దిగిపోవచ్చు. ఇత్తడి కన్ను కోటుకే ఉంటుంది. లేదా నోరు విప్పవచ్చు. ఇదా? అదా? అని ఈసారి ఎవర్నీ అడగలేదు. మైకు ముందే నిలబడి ఉన్నాడు.

"అయ్యా, మీరు చెయ్యి చాపిన సంగతి నాకు కనిపించలేదు. ఇందాకటి టీ కప్పు కూడా కనిపించలేదు. నాకు పక్కచూపు పోయినట్టుంది."

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది. ఉపన్యాసాన్ని ఇంత బాగా అందిపుచ్చుకున్న కొత్త మెంబరు ఈ మధ్యకాలంలో ఎవరూ రాలేదన్నారు. ప్రెసిడెంటుగారు కూడా తడి ప్యాంటు మరిచిపోయి, వీపు తట్టి, "మంచి చమత్కారి!" అన్నారు. ఫొటో తీశారు. భోజనానికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే డాక్టరు, భార్య ఇద్దరూ ప్రెసిడెంటుగారి ఆసుపత్రికి వెళ్ళారు. కోటుకి ఇత్తడి కన్ను చూసి బయట కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికి పంపారు. సంఘంలో చేరినందుకు ఆయనకు దక్కిన లాభం అదొక్కటే. చమత్కారం కాదని తెలిసేసరికి ప్రెసిడెంటుగారి ముఖం కాస్త పాలిపోయింది. "మన సభ సంగతి మాత్రం బయట అనకండి. చార్టయితే చదివారు కదా, నియమం ప్రకారం మీరు మెంబరే" అన్నారు.

చీకటిగదిలో పక్కచూపు పరీక్షించే మిషన్ మీద గడ్డం ఆనించారు. ఎదురుగా ఉన్న దీపాన్నే చూస్తూ, చుట్టూ ఎక్కడ చుక్క మెరిసినా చేతిలో మీట నొక్కాలి. కుడికన్నుతో టకటకా నొక్కాడు. తర్వాత కుడికన్ను మూసి ఎడమకన్ను పెట్టించారు. మీట మీద వేలు పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. పరీక్ష చేసే ఆవిడ ఏదో సర్దుకుంటోంది కాబోలనుకుని ఓపిగ్గా ఎదురుచూశాడు. ఎక్కడా ఏమీ మెరవలేదు.

"మొదలుపెట్టండమ్మా" అన్నాడు చివరికి.

"సగం పైగా అయిపోయింది సార్" అంది ఆవిడ.

ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడు ఆయన చేతిలో జీవితాంతం వేసుకోవాల్సిన చుక్కల మందు ఉంది. ఉన్న చూపు నిలబడుతుంది, పోయింది రాదు. ఎడమ పక్కకు చెయ్యి చాపితే అక్కడ భార్య భుజం తగిలింది. ఆ భుజం ఆ పక్కనే ఎందుకుంటోందో అప్పుడు తెలిసొచ్చింది.

"నీకు ఇంత తెలిసి కూడా నాకు గట్టిగా చెప్పలేదేం?"

"చెప్పానండీ" అంది ఆవిడ. "చెప్పినప్పుడల్లా మీరు చార్టు చదివి వినిపించారు."