లొరైన్ మేడమ్ ఓటు

ఈ ఉదయం ఈ అరబ్బు దేశంలో, ఫహాహీల్‌లో బస్సు కోసం నిలుచుంటే సైరన్ మోగింది. ఉత్త పరీక్షేనని పక్కవాళ్లు చెప్పేలోపే గోడవారన కూలబడిపోయాను. గుండె నెమ్మదించేసరికి లొరైన్ మేడమ్ గుర్తొచ్చింది.

అమెరికా సైనికుల క్యాంపులో వంటసామాన్ల గోదాము ఆవిడ చేతికింద ఉండేది. అన్నమయ్య జిల్లా నుంచి వచ్చిన నేను అక్కడ గుమాస్తాను. కొత్తలో ఏమడిగినా "మీరెలా అంటే అలా మేడమ్" అనేవాణ్ణి. ఒకరోజు బియ్యం బస్తా విప్పించి, బాగున్నాయా అని అడిగింది. అదే జవాబిచ్చాను. "నా మాట నాకు తెలుసు. నీ మాట చెప్పు," అని నేను నోరు విప్పేదాకా కదల్లేదు. ముక్కిపోయాయన్నాను. లోడంతా వెనక్కి పంపించింది.

అమెరికాకు ఇక్కడి పొరుగుదేశంతో యుద్ధం మొదలైన రోజుల్లోనే మేడమ్ వాళ్ల రాష్ట్రంలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక వచ్చింది. అక్కడ ఎప్పుడూ ఒకే పార్టీ గెలుస్తుంది కాబట్టి అసలు పోటీ ఆ పార్టీ లోపలే. మా మండలంలో ఏకగ్రీవాలు చూసినవాణ్ణి, నాకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. పదవిలో ఉన్న పెద్దమనిషి మీద ఒక స్కూలు టీచరమ్మ నిలబడింది. యుద్ధం చాలించి సైన్యంలోని పిల్లల్ని ఇంటికి రప్పించాలన్నది ఆమె మాట. మా క్యాంపు మేనేజరుదీ అదే రాష్ట్రం. ఆయన పెద్దమనిషి వైపు.

ఒక మధ్యాహ్నం సైరన్ మోగి అందరం కాంక్రీటు షెల్టర్‌లో దూరాం. పెద్దమనిషికి మద్దతుగా ఫోటో తీసి పంపాలంటూ మేనేజరు తన రాష్ట్రం వాళ్లను అక్కడే నిలబెట్టాడు. అందరూ లేచారు, మేడమ్ కూర్చునే ఉంది.

"నీ కొడుకు యుద్ధ నౌక మీదున్నాడు. వాడి వెనక నిలబడవా?" అన్నాడాయన.

"నిలబడ్డాను కాబట్టే ఆ ఫోటోలో నిలబడను."

"కాంట్రాక్టులు తిరిగి రాసేది వచ్చే నెలేనని గుర్తుందిగా?"

ఎక్కడో దూరంగా ఏదో పేలింది. కప్పు నుంచి దుమ్ము రాలింది. మేడమ్ లేవలేదు.

నా పక్కన వంటశాలలో పనిచేసే కడప రమణన్న గొణిగాడు: "ఈయమ్మకేం పోయేకాలమప్పా? ఫోటోకు నిలబడి, ఓటు ఎవురికేస్తే ఎవురికి తెలుస్తాది?"

ఆ మాటే తర్వాత నేను మేడమ్‌ని అడిగాను. "ఓటు దాచుకునే హక్కు నన్ను కాపాడటానికి. అబద్ధమాడటానికి కాదు," అంది.

అంతలో విమానాలు నిలిచిపోయి పోస్టు ఆగిపోయింది. అలాంటప్పుడు ఓటును ఫ్యాక్స్‌లో పంపవచ్చట. క్యాంపులో ఆ మెషిన్ ఉన్నది మేనేజరు బల్ల పక్కనే. మేడమ్ కాగితం పట్టుకుని వెళ్లింది. సామాన్ల ఆర్డరు మీద సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"మెషిన్ పాడైంది," అన్నాడు మేనేజరు, తలెత్తకుండా.

గడువు ఆ రోజుతో సరి. మేడమ్ నావైపు చూడలేదు. అడిగి ఉంటే నేను నేల చూపులు చూసేవాణ్ణేమో. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి అనుమతి, మమ్మల్ని పనిలో పెట్టుకున్న కంపెనీ పేరనే ఉంది, అది పోతే ఇంటికే.

"పొద్దున పనిచేసింది సార్. నేనే ఆర్డరు పంపాను," అన్నాను.

మేనేజరు నావైపు తలెత్తాడు. తర్వాత కుర్చీ పక్కకు జరిపాడు. మేడమ్ కాగితం పెట్టింది. ఎవరికి వేసిందో ఆయనకు కనబడేలాగే అది మెషిన్‌లోకి వెళ్లిపోయింది.

టీచరమ్మ చిత్తుగా ఓడిపోయింది. మేడమ్ కాంట్రాక్టు ఖలాస్. వెళ్లేరోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నేను అడగలేదు, నువ్వు చెప్పావు," అంది, అంతే. కొన్నాళ్లకు నన్నూ తీసేశారు. ఎలాగో వీసా మార్చుకుని అమ్ఘరాలో ఇనుపసామాను యార్డులో చేరాను.

మొన్న మా తెలుగువాళ్ల సంఘం సమావేశంలో ఎప్పటిలాగే అధ్యక్షుడి పేరు చదివి, "ఏకగ్రీవమే కదా?" అన్నారు. చప్పట్లు మొదలవుతుండగా లేచి, నేను పోటీ చేస్తున్నానన్నాను. ఓటింగు పెట్టక తప్పలేదు వాళ్లకు.

ఓడిపోయాను. నాకు పడిన కాసిని ఓట్లలో రమణన్నది ఉందో లేదో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.