అర్థమైందా అని అడగని లాయరు

మొన్న ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సులో వస్తుంటే దారిలో ఒక గొర్రెల కాపరి ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. వానకు తడిసిన గొంగళి వాసన బస్సంతా నిండింది. నా పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను లాయరు పని నేర్చుకున్న గదిలో వానాకాలమంతా కక్షిదారుల గొంగళ్ళతో అదే వాసన. ఆ గది మా సీనియర్ మనోరమ గారిది. ఆమె నిరుడు పోయారు.

ఉదయగిరి వైపు పల్లెలో బాప్టిస్టుల ఇంట పుట్టి, ఆత్మకూరులో స్థిరపడ్డ మనిషి. చూడ్డానికి పొట్టి, గొంతు మాత్రం బజారు దాకా వినిపించేది. నేను చేరిన రోజుల్లో మా వైపు కోర్టుల్లో ఒక నిబంధన ఉండేది. సివిల్ దావా బయట రాజీ అయితే, తన కక్షిదారుకు ఏం దక్కింది, ఏం వదులుకున్నాడు, ఆ సంగతి అతనికి తెలుసా లేదా అన్నది లాయరు కోర్టుకు రాసివ్వాలి. చాలామందికి అదొక తద్దినం. గుమాస్తా చేత నాలుగు ముక్కలు రాయించి సంతకం గీకేవారు. మనోరమ గారు అలా కాదు. కక్షిదారును ఎదురుగా కూర్చోబెట్టుకుని, రాజీ షరతులన్నీ వాళ్ళ మాటల్లోనే చెప్పేవారు. చెప్పాక అర్థమైందా అని మాత్రం ఎప్పుడూ అడిగేవారు కాదు. లాయరు అడిగితే పల్లె మనిషి అర్థం కాకపోయినా తల ఊపుతాడని ఆమెకు బాగా తెలుసు. అందుకే, “నేను చెప్పింది ఇప్పుడు నువ్వు చెప్పు” అనేవారు.

ఒకసారి అనంతసాగరం నుంచి ఒక ముసలాయన వచ్చాడు. తమ్ముడితో భాగాల తగాదా. పెద్దమనుషులు రాజీ కుదిర్చి, గుమ్మం దగ్గరే నిలబడి తొందరపెడుతున్నారు. ఆయన తిరిగి చెప్పేటప్పుడు బావి ఇద్దరిదీ అన్నాడు. కాదు, తమ్ముడిదని మేడమ్ మళ్ళీ చెప్పారు. ముసలాయన “నీళ్ళు లేని చేను నేనేం జేసుకునేదమ్మా” అని లేచిపోయాడు. రాజీ చెడింది. కుదిరిన పెళ్ళిలాంటి రాజీని చెడగొట్టిందని పెద్దమనుషులు ఆమెను నానా మాటలూ అన్నారు. వాళ్ళు వెళ్ళాక ఆమె నాతో అన్న మాట ఇది: “చెడితే ఈడనే చెడాల. ఇంటికి పోయినాక చెడితే ఆ మనిషికి దిక్కెవరు?”

తర్వాత ఆ నిబంధన ఎత్తేశారు. పనిభారం పెరుగుతోందన్నారు, ఎవరూ చదవని కాగితాలన్నారు, లాయరుకూ కక్షిదారుకూ మధ్య మాటలు బయటపెట్టడమేమిటన్నారు. అబద్ధం చెప్పనేల, అందులో కొంత న్యాయమూ ఉంది. బార్ గదిలో లడ్డూలు పంచుకున్నాం. మనోరమ గారూ ఒకటి తీసుకుని, “రాసేది లేదన్నారు గానీ, అడగొద్దని ఎవరూ చెప్పలా గదా” అని తినేశారు. తన పద్ధతి మార్చలేదు. కానీ పక్కవాళ్ళ దగ్గర టీ తాగేలోపు అయ్యే పని ఈమె దగ్గర పూటంతా పడుతుంటే జనం ఎందుకు ఆగుతారు? పెద్దమనుషులు కేసులు పంపడం మానేశారు. గది బోసిపోయింది. ఆమెకు బాధ కలిగింది, దాచుకోనూ లేదు. నిబంధన ఉన్నప్పుడు అడిగితే తాను మంచి లాయరట, అది పోయాక అడిగేసరికి చాదస్తపు మనిషైపోయిందట.

పోలమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. దుత్తలూరు వైపు పల్లె. మొగుడు పోయాక మేకలు మేపుకుని బతుకుతోంది. తండ్రి చేనులో భాగం కోసం అన్నల మీద వేరే లాయరు చేత దావా వేయించింది. ఆయన కనబడక, వాయిదా ఎప్పుడో చెప్తారేమోనని మా గుమ్మం ఎక్కింది. నేను వెళ్ళి కనుక్కొచ్చాను. దావా నిబంధన ఎత్తేసిన కొత్తలోనే రాజీతో ముగిసిపోయింది. చేను అన్నలకు పోయింది. కింద పోలమ్మ వేలిముద్ర ఉంది. వాయిదా కాగితమని చెబితే వేసిందట.

ఆ సంగతి నన్ను చెప్పనీయకుండా మేడమే చెప్పారు. కానీ నువ్వు చెప్పు అని అనలేకపోయారు. మేడమ్ ఏడవగా చూసింది నేను ఆ ఒక్కసారే.

రాజీ రద్దు చేయమని అర్జీ వేశాం. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టుందని అవతలి లాయరు ఎగతాళి చేశాడు. విచారణ మధ్యలో మేడమ్ గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరారు. చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ నన్ను పోలమ్మ వాయిదా గురించే అడిగేవారు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఉదయగిరిలో సమాధి చేసిన రోజున, పోలమ్మ మేకలను ఎవరికో అప్పగించి వచ్చి, పాటలు పాడుతున్నవాళ్ళ వెనక నిలబడింది.

అర్జీ నేనే వాదించి ఓడిపోయాను. ముద్ర ఆమెదే, లాయరు సంతకమూ ఉంది, తెలియక వేసిందనడానికి ఆధారం లేదని జడ్జి అన్నారు. పాత నిబంధన ఉండి ఉంటే ఏదో ఒక ఆధారం దొరికేది. ఎత్తేసిన నిబంధన గురించి ఎవరికి మొరపెట్టుకోను?

పోలమ్మను వరండాలో కూర్చోబెట్టి నిదానంగా చెప్పాను. చేను రాదు, పైకోర్టుకు పోవచ్చు గానీ ఆశ తక్కువ అన్నాను. నేను చెప్పింది తిరిగి చెప్పమన్నాను. ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

“నాకు తెలివి లేక కాదు గదమ్మా. నువ్వు ఇప్పుడు చెప్పినట్టు ఆ పొద్దు ఎవురన్నా చెప్పుంటే, నేను ఏలిముద్ర ఏసుందునా?”

 ఇప్పుడు నా గదికి ఎవరు రాజీకి వచ్చినా, పక్కన ఎంతమంది విసుక్కుంటున్నా, ఆ మనిషి తన నోటితో చెప్పేదాకా నా చేయి ఇంకు ప్యాడ్ మీదికి పోదు.