కొట్టేసినా తిరిగొచ్చిన వాక్యం

దెయ్యాల కబుర్లు మొదలైతే టీ పెట్టే వంకతో లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

బిలాస్‌పూర్ కుదుదండ్‌లో మా ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పోయిన ఏడాది మా తెలుగు సంఘం పాత రైల్వే ఉద్యోగుల జ్ఞాపకాలతో ఒక పుస్తకం వేయించింది. పేజీలన్నీ నేనే కట్టాను. ఆ పనికి కొత్త సాఫ్ట్‌వేర్‌ను, ఇంకా పరీక్షల్లో ఉన్న బీటా వెర్షన్‌ను వాడటం నా తెలివితక్కువ. గంటకోసారి దానంతటదే మూసుకుపోయేది.

ఒక మధ్యాహ్నం అది మూడోసారి మూసుకుపోయిన సమయానికి అప్పలస్వామి తాతయ్య గుమ్మంలో నిలబడ్డారు. యార్డులో జెండా ఊపి బోగీలను అటూ ఇటూ నడిపించే షంటింగ్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు యార్డులో బోగీ పట్టాలు తప్పిన సంగతి, పట్టాలు మార్చే పాయింటు తప్పుగా తిప్పాడని సింహాచలం అనే పాయింట్స్‌మన్ ఉద్యోగం పోయిన సంగతి ఆయన ఆ పుస్తకానికి రాసిచ్చారు.

"ఒక మాట మార్చాలమ్మా. రెండు నిమిషాలే."

"ఏటి తాతయ్యా, ఇక్కడ సిస్టమ్‌తో చస్తుంటేనూ! రేపు రండి."

"అచ్ఛా," అని మెట్లు దిగిపోయారు. నేను కుర్చీ కూడా వేయలేదు.

మర్నాడు పొద్దున్నే గుండెపోటుతో పోయారు.

ఆయన పేరు ముందు 'కీర్తిశేషులు' అని చేర్చడానికి ఆ పేజీ తెరిచాను. సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే, అది కాపాడి ఉంచిన ఫైలు వచ్చింది. పేజీ అడుగున నేను టైపు చెయ్యని మాటలున్నాయి. "సింహాచలం తప్పు లేదు. తప్పు జెండా ఊపింది నేను."

కొట్టేశాను. మూసుకుపోయింది. తెరిస్తే మళ్లీ ఉన్నాయి.

ఫాంటు మార్చాను. ఫొటో తీసేశాను. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. ఖాళీ ఫైలులో ఆ పేజీని మొదటినుంచి టైపు చేశాను. అందులోనూ అవి వచ్చి చేరాయి. మిగతా పేజీలు ఎప్పుడు పడితే అప్పుడు ఆగేవి, ఇది మాత్రం ఆ మాటలు కొట్టేసిన ప్రతిసారీ ఆగింది. కంపెనీకి రాస్తే, తమ దగ్గర బాగానే తెరుచుకుంటోందని జవాబొచ్చింది.

ఆయన చేతిరాత ప్రతి నా దగ్గరే ఉంది. రెండుసార్లు వెతికాను, అందులో ఆ మాట లేదు. పోయిన మనిషి రాయని తప్పును ఆయన పేరు మీద ఎలా అచ్చు వేస్తాను? వాళ్లింటికి ఫోన్ చేసి ఉండాల్సింది. పిచ్చిదనుకుంటారని చెయ్యలేదు. పాత వెర్షన్‌లో ఆ మాటలు లేకుండా పేజీ కట్టి ప్రెస్సుకు ఇచ్చేశాను.

ఆవిష్కరణ రోజున సింహాచలంగారి భార్య లింగియాడీహ్ బస్తీ నుంచి వచ్చింది. ఆమెకు చదువు రాదు, మనవలకు తెలుగు చదవడం రాదు. "మా ఆయన పేరుందట, సదువమ్మా," అని నా పక్కన కూర్చుంది.

చదివాను.

"పాయింటు సరిగ్గానే తిప్పానని సచ్చేదాకా అన్నాడమ్మా. నేనే నమ్మలేదు. నమ్మకపోడమే మంచిదైంది," అని లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తాతయ్యగారి కోడలు మడత కాగితం ఒకటి తెచ్చి ఇచ్చింది. నా దగ్గరికి వచ్చిన రోజు ఆయన వేసుకున్న చొక్కా జేబులో ఇప్పుడే దొరికిందట. ఆయన చేతిరాత. అవే మాటలు, అక్షరం తేడా లేదు.

మర్నాడు లింగియాడీహ్ వెళ్లి ఆమెకు చదివి వినిపించాను.

"ఇది పుస్తకంలో ఉందేటి?"

లేదన్నాను.

"మరి అందరూ సదివేది పుస్తకమే కదమ్మా."

సవరణ చీటీలు వేయించి, చేతికందిన ప్రతులన్నిటిలో అంటించాను. అందనివే ఎక్కువ.

ఇంకొకరి జేబులో మడతపెట్టి ఉన్న మాట నా తెరమీదికి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. వచ్చినప్పుడు దాన్ని ఉండనిస్తే సరిపోయేది.