సప్లై ఆపినా ఆగని అల

నా సర్వీసు చివరి ఏడాది, ఎండలు ముదిరిన రోజుల్లో, సిరిసిల్ల వైపు ఒక పాలిటెక్నిక్‌కు నన్ను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. అప్పుడు నేను జగిత్యాలలో ఎలక్ట్రానిక్స్ సీనియర్ లెక్చరర్‌ని. ఎక్స్‌టర్నల్ అంటే బయటి కాలేజీ నుంచి వచ్చి మార్కులు వేసేవాడు. ఫ్యాను కింది కుర్చీ అతనిది. కోరుట్లలో ఇంటి దగ్గర బస్సెక్కి వేములవాడ దాకా నిలబడే వెళ్లాను కాబట్టి, ఆ హోదాను కాదనలేదు.

చివరి ప్రాజెక్టు సౌజన్యది. చందుర్తి అమ్మాయి, తల్లిదండ్రులు కూలికి వెళ్తారు. మరమగ్గాల బట్టలో లోపాలు వెతికే బల్లకు ఎల్ఈడీ దీపం తయారుచేసింది. దానికి కరెంటు ఇచ్చేది ఆప్-ఆంప్ అనే చిప్‌తో కట్టిన కాన్‌స్టంట్ కరెంట్ సోర్స్, అంటే లోడు మారినా కరెంటును మారనివ్వని సర్క్యూట్. కరెంటు దారిలో ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది. దాని మీది వోల్టేజీని ఆప్-ఆంప్ కనిపెడుతూ, తేడా వస్తే సరిదిద్దుతుంది. ఆ వోల్టేజీ ఆసిలోస్కోపు తెర మీద తిన్నని గీతలా నిలవాలి. నిలవలేదు. చెరువులో బర్రె దిగినట్టు అలలు.

ఆ కాలేజీ తరఫు ఇంటర్నల్ ఎగ్జామినరే ల్యాబ్ ఇన్‌ఛార్జి కూడా. సర్క్యూట్ తనంతట తానే ఊగుతోందని తేల్చి, ఫెయిల్ రాయడానికి పెన్ను మూత తీశారు. ఫెయిలైతే మళ్లీ వచ్చే సెషన్‌లోనే పరీక్ష. హైదరాబాదులో ఆమెకు ఖాయమైన ఉద్యోగం అప్పటిదాకా ఆగదు.

"మీటర్ల మంచిగనే సూపెడుతుంది సార్. గీ స్కోపుల పెడితేనే గిట్లయితుంది," అంది సౌజన్య.

"కండ్ల ముంగట ఊగేదాన్ని లేదంటవేంది బిడ్డా? మీటరు మొహమాటపడ్డదా?" అన్నారాయన.

మల్టీమీటరుకు నిజంగానే కొంత మొహమాటం ఉంటుంది. ఊగేదాన్ని సగటు చేసి చెబుతుంది. కాబట్టి ఆమె సాక్ష్యం చాలదు. తెర మీద గళ్లు లెక్కపెట్టాను. ఇరవై మిల్లీసెకన్లకు ఒక అల, అంటే గోడ సాకెట్లో ఉండే యాభై హెర్ట్జ్. ఆప్-ఆంప్ తానుగా ఊగితే ఇంత నింపాదిగా ఊగదు.

సర్క్యూట్ సప్లై ఆపమన్నాను. దీపం ఆరింది. అల ఆరలేదు.

"సచ్చినంక గూడ ఊగుతదా సార్?" అని సౌజన్య ఇన్‌ఛార్జిని అడిగింది. ఆయన ఫ్యాను వైపు చూశారు.

అప్పుడు స్కోపు నుంచి సర్క్యూట్‌ను తాకే తీగ, ప్రోబ్, చూశాను. పక్కన వేలాడాల్సిన నల్ల గ్రౌండ్ క్లిప్పు లేదు.

"పోరగాండ్లు పారేస్తున్నరు సార్. స్టాక్ వెరిఫికేషన్ల తక్కువస్తే మెమో నాకు. అందుకే అన్నీ బీరువల పెట్టి తాళమేసిన," అన్నారు ఇన్‌ఛార్జి.

"తాళంచెవి?"

"ఇంటికాడ."

క్లిప్పులన్నీ క్షేమం. అవి లేక సిగ్నల్ తిరుగుదారి భవనం వైరింగంతా చుట్టి, యాభై హెర్ట్జ్‌ను వెంటేసుకుని వస్తోంది.

ప్రోబ్ కొన మీది కొక్కెం తీస్తే లోపల ఒక లోహపు రింగు ఉంటుంది, గ్రౌండ్ అదే. దానికి వైరు ముక్క చుట్టమన్నాను. సౌజన్య చుట్టింది. రెండో కొస ఎక్కడ పెడతావని అడిగాను.

"సప్లై మైనస్ కాడ సార్. స్కోపు గ్రౌండుకు ఎర్త్ ఉంటది. యాడ పడితే ఆడ పెడితే షార్టయితది."

నేను వైవాలో అడగాలనుకున్నది కూడా అదే.

సప్లై వేశాం. తెర మీద తాడు గుంజి కట్టినట్టు గీత. ఒక ఎల్ఈడీ ఉన్నచోట మూడు పెట్టించాను. గీత కదల్లేదు. నేను డిస్టింక్షన్ మార్కులు వేశాను. ఇన్‌ఛార్జి సంతకం చేశారు. సౌజన్య ఆ నెలాఖరుకే హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది.

కొలత అనుమానంగా ఉంటే మొదట సర్క్యూట్ సప్లై ఆపాలి. తెర అప్పటికీ మాట్లాడుతూ ఉంటే, ఆ మాటలు సర్క్యూట్‌వి కావు.