ముత్తక్క పప్పును తిట్టిన రోజు

ముత్తక్క తిడుతుంది. ఆమె గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే, మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో ఎవరైనా ఈ మాటే చెబుతారు. పొద్దున డ్యూటీకి వస్తూనే గేటును తిడుతుంది, కిర్రుమన్నందుకు. మెట్లను తిడుతుంది, నాలుగు ఉన్నందుకు. కరెంటు పోతే ఫ్యాన్‌ను తిడుతుంది. కరెంటు వస్తే, ఇంతసేపు ఎక్కడికి పోయావని మళ్లీ ఫ్యాన్‌నే తిడుతుంది. ఒకసారి థర్మామీటర్ నూట మూడు చూపించింది. "నీకేమన్న బుద్ధున్నదా, ముసలిదానికి ఇంత జరం పెడ్తవా" అని దాన్ని పట్టుకుని ఐదు నిమిషాలు కడిగిపారేసింది. సాయంత్రానికి జ్వరం దిగింది. భయపడే దిగిందని వంట సాంబన్న ఇప్పటికీ అంటాడు.

బస్టాండు వెనక వీధిలో ఉన్న వృద్ధుల సంరక్షణ గృహంలో ఆమె పెద్ద నర్సు. అక్కడ పదహారు మంచాలు, పదహారు మంది మంచం దిగలేని మనుషులు. ముత్తక్కకు ఇరవై రెండేళ్ల సర్వీసు. కొత్త నర్సు నేహాకు ఎనిమిది నెలల సర్వీసు. నేహా నాగేపల్లి పిల్ల. నర్సింగు కాలేజీలో ఆమెకు మెల్లగా మాట్లాడమనీ, చిరునవ్వు వదలొద్దనీ నేర్పారు. అందుకని ముత్తక్కను చూసిన మొదటి వారమే ఉద్యోగం మానేద్దామనుకుంది.

"అక్కా, ముసలోళ్లు గద. జర మెల్లగ మాట్లాడరాదు?"

"మెల్లగ మాట్లాడెటందుకు నేనేమన్న రేడియోల వార్తలు చదువుతున్ననా? ఆ తలుపును చూడు, సగమే తెరుచుకుంటది. పని దొంగ."

తలుపు తరఫున నేహాకే సిగ్గేసేది.

అయితే ముత్తక్క తిట్లన్నీ ఒక ఎత్తు, తపాసణి మీది తిట్లు ఒక ఎత్తు. తపాసణి అంటే పై ఆఫీసు వాళ్లు వచ్చి చేసే తనిఖీ. ఈ ఒక్క విషయంలో మాత్రం నేహా కూడా ముత్తక్క పక్షమే, ఎందుకంటే ఆ కోపం ఎవరికైనా వస్తుంది. తపాసణికి పదిహేను రోజుల ముందు నుంచి నర్సులు రోగుల చేతులు వదిలేసి పెన్నులు పట్టుకోవాలి. నలభై రెండు రిజిస్టర్లు. చేతులు కడుక్కున్నట్టు ఒక రిజిస్టరు. చేతులు కడుక్కున్న రిజిస్టరును రోజూ చూసినట్టు ఇంకో రిజిస్టరు. ఇన్ని రాసేసరికి నిజంగా చేతులు కడుక్కునే తీరిక ఉండదు.

పోయినసారి ఇంకా ఘోరం. ముత్తక్క పాత చీరలు చింపి, జడలా అల్లి, ప్రతి మంచం కాళ్ల వైపు ఒకటి కట్టింది. వాటిని పట్టుకుని ముసలివాళ్లు ఎవరి సాయం లేకుండా లేచి కూర్చునేవారు. వచ్చిన సాహెబ్ వాటిని చూసి "రోగులను కట్టేస్తున్నారు" అని రాసి, అన్నీ కత్తిరించేయించాడు. కూర్చుని తినే మనుషులు ఆ తర్వాత పడుకునే తిన్నారు. అదే రోజు సోనుబాయి మంచం దగ్గర ఆగి, ఇవాళ ఏ వారమో చెప్పమని మరాఠీలో అడిగాడు. సోనుబాయిది రేగుంట అవతల అడవిపల్లె, గోండీ తప్ప రాదు. ఆమె పలకకపోయేసరికి "స్పృహ లేదు" అని రాసుకుని వెళ్లిపోయాడు. ఈయన బూట్లతో లోపలికి వచ్చాడని ఆ స్పృహ లేని మనిషి చీకటి పడేదాకా గోండీలో సణుగుతూనే ఉంది.

అలా రెండు మచ్చలు పడ్డాయి. మూడోది పడితే లైసెన్సు రద్దు. పదహారు మందినీ గడ్చిరోలి తీసుకుపోతారు. అంటే పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చేరే దూరం. సంత రోజున కూరగాయల సంచితో వచ్చి కాసేపు కూర్చుని పోయే కూతుళ్లు, బండి ఆపి పలకరించే కొడుకులు అక్కడికి ఎన్నిసార్లు వెళ్లగలరు?

తపాసణికి ముందురోజు మేనేజర్ ఈశ్వర్ కొత్త ఫారం పట్టుకుని వచ్చాడు. అందులో "రోగులపై దూషణ: ఉంది, లేదు" అని ఒక గడి ఉంది.

"ముత్తక్కా, నీ కాళ్లు మొక్కుత. రేపొక్క రోజు నోరు కట్టుకో. లైసెన్సు నీ నోట్లనే ఉన్నది."

ముత్తక్క ఆ ఫారాన్ని చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది. పదహారు మంచాల వైపు చూసి మళ్లీ మూసుకుంది.

మర్నాడు గేటు కిర్రుమంది. ముత్తక్క దాన్ని ఉరిమి చూసి ఊరుకుంది. ఫ్యాన్ ఆగింది. పెదవి కొరుక్కుంది. తొమ్మిదింటికల్లా వార్డంతా గుసగుసలు.

"పిల్లా, ముత్తక్కకు పక్షవాతం గిట్ల వచ్చిందా? నోరు లేస్తలేదు," అని కొండన్న నేహాను అడిగాడు.

కొండన్న ప్రాణహిత మీద నలభై ఏళ్లు పడవ నడిపిన మనిషి. తుంటి విరిగి మూడేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. ఆ రోజు ఆయన కింద కూడా కొత్త తెల్ల దుప్పటి పరిచారు, తపాసణి అయ్యాక మడిచి దాచుకునే దుప్పటి.

పదకొండింటికి పోయినసారి సాహెబే వచ్చాడు. రిజిస్టర్లు చూశాడు, గోడలు చూశాడు, మనుషులను చివరికి ఉంచుకున్నాడు. కొండన్న మంచం దగ్గరికి వచ్చి ఫారం తీశాడో లేదో, వాసన వచ్చింది. తెల్ల దుప్పటి పాడైంది. కొండన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఇయ్యాల్నే కావాల్నా నీకు?" అని ఈశ్వర్ పళ్లు కొరికాడు.

సాహెబ్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దీన్ని ఏ రిజిస్టరులో రాస్తారని అడిగాడు. నేహాకు ఒళ్లు మండింది. అయినా కాలేజీలో నేర్పిన నవ్వు తెచ్చుకుని, "పర్వాలేదు తాతా, పర్వాలేదు," అని ముందుకు వంగింది. ఆ మాటకు కొండన్న తువ్వాలు లాగి మొహం మీద కప్పుకున్నాడు.

ముత్తక్క నోటి కట్టు అప్పుడు తెగింది.

"సాంబన్నా! ఏం పప్పయ్యా అది? పప్పా, జులాబు గోలీయా? ఉడకని పప్పు పెట్టి బంగారమసోంటి మనిషి కడుపు ఖరాబు జేస్తవా? ఈ దుప్పటొకటి, తెల్లదంట. పెండ్లికి పరిచిండ్రా? ఈశ్వర్, గుంజ లెక్క నిలబడ్డవేంది, ఆ పరద గుంజు. సాహెబ్, ఒక మనిషి బట్టలు మార్చుకుంటుంటె ఎదురుంగ నిలబడి రాసుకుంటరా? బయట బెంచి ఉన్నది. పోయి దాని మీద కూసొని ఏం రాసుకుంటరో రాసుకోండ్రి."

ఆయనకు అర్థం కాలేదేమోనని సాహెబ్ వంతు మాత్రం మరాఠీలో మళ్లీ చెప్పింది, కొంచెం ఎక్కువే కలిపి. సాహెబ్ వెళ్లి బెంచి మీద కూర్చున్నాడు.

పరదా లోపల చేతులు చకచకా పని చేస్తున్నాయి, నోరు పప్పును ఉతికి ఆరేస్తోంది. కొంతసేపటికి తువ్వాలు కిందికి జరిగింది.

"పప్పు జర పలుకు పలుకే ఉండె," అన్నాడు కొండన్న.

"ఉండదా మరి? నువ్వు పొద్దుగాల్లనే చెప్పద్దా?"

"చెప్తె వాడు ఇంటడా?"

వంటింటి గుమ్మంలోంచి సాంబన్న తల వంచుకుని, "తప్పయింది కొండన్నా, రేపు మంచిగ ఉడకబెడ్త," అన్నాడు.

నేహా చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. పొద్దున అందరికీ పెట్టింది ఉప్మా. ముందురోజు కూర వంకాయ. పప్పు పొయ్యి ఎక్కి మూడు రోజులైంది. ఆ సంగతి సాంబన్నకు తెలుసు, ముత్తక్కకు తెలుసు, తిన్న కొండన్నకూ తెలుసు. తను నవ్వుతూ "పర్వాలేదు" అన్న ప్రతిసారీ కొండన్న మొహం కప్పుకుని, ఆ తర్వాతి పూట తిండి ముట్టేవాడు కాదు. ఆకలి లేదేమో అనుకుని తను అలాగే రిజిస్టరులో రాసింది కూడా. ముత్తక్క డ్యూటీలో అదే మనిషి రెండోసారి అడిగి పెట్టించుకునేవాడు. ఎనిమిది నెలల్లో ముత్తక్క తిట్టని వస్తువు లేదు, మంచం మీది మనిషిని మాత్రం ఒక్కసారి కూడా తిట్టలేదు. ఇన్నాళ్లూ పక్కనే ఉండి ఇది చూడనందుకు నేహాకు తన మీద తనకే కోపం వచ్చింది.

సాహెబ్ లోపలికి వచ్చాడు. పెన్ను సరిగ్గా దూషణ గడి మీద పెట్టి, ఈ నర్సు నిన్ను తిడుతుందా అని కొండన్నను అడిగాడు. ఆ మరాఠీ ప్రశ్నను నేహా తెలుగులో చెప్పింది. ఈశ్వర్ గోడకు ఆనుకున్నాడు.

"నన్నా? నన్నెందుకు తిడ్తది? పప్పును తిట్టింది," అన్నాడు కొండన్న.

పక్క మంచం తిరుపతమ్మను అడిగితే, "నన్ను గాదు, నా పండ్లసెట్టును," అని కట్టుడు పళ్లు తీసి చూపించింది. ఆ పక్కాయన ఫ్యాన్ అన్నాడు. సోనుబాయి దగ్గర సాహెబ్ తడబడి, ఈసారి సైగలతో అడిగాడు. సోనుబాయి ఆలోచించి, వేలెత్తి ఆయననే చూపించింది. వార్డు వార్డంతా నవ్వింది. సాహెబ్ కాసేపు ఆ వేలును చూశాడు. పాత కాగితం తీసి, తను పోయినసారి రాసిన "స్పృహ లేదు" మీద ఒక గీత కొట్టాడు. ఆ తర్వాత, మొదటే చేయాల్సిన పని, పదహారు వీపులూ తిప్పి చూశాడు. ఎక్కడా ఒక్క పడక పుండు లేదు.

లైసెన్సు నిలిచింది. నివేదికలో మచ్చ కింద లెక్కకు రాని ఒకే ఒక్క చిన్న లోపం రాశాడు: పప్పు నాణ్యత మెరుగుపరచాలి. సాంబన్న దాని కింద సంతకం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ముత్తక్క వరండాలో అన్నం తింటుండగా సోనుబాయి పక్క తడిసింది. నేహా నాలుక మీదికి "పర్వాలేదు" వచ్చింది. మింగేసింది. అటూ ఇటూ చూస్తే, కిటికీలో మూత గట్టిగా బిగించిన నీళ్ల సీసా కనబడింది.

"ఏం సీసవే నువ్వు? అవ్వ మీద ఇన్ని నీళ్లు ఒలకబోస్తవా?" అంది నేహా, సన్నని గొంతుతో.

సోనుబాయికి తెలుగు ముక్క రాదు. కానీ సీసాను చూసింది, నేహాను చూసింది, సంగతి అర్థమైంది. మెల్లగా మోచేతి మీద లేచి, తనూ గోండీలో ఆ సీసాను తిట్టడం అందుకుంది. అవి నేహాకు తెలియకపోవడమే మంచిదనిపించే తిట్లు.

వరండాలోంచి ముత్తక్క కేకేసింది.

"గొంతు పెంచు పిల్లా, సీసకు ఇనబడద్దా?"